రెండో రంధ్రం

మా ల్యాబ్‌లో మనిషికి ఒకటే బిళ్ళ. ఇత్తడి బిళ్ళ, దాని మీద నంబరు, పైన చిన్న దారం. మెషిన్ మీద పని చెయ్యాలంటే బిళ్ళని ఆ మెషిన్ పక్కనున్న మేకుకి తగిలించాలి. సగం చేసిన పనిని అరలో పెట్టుకోవాలన్నా దానికీ ఆ బిళ్ళే కట్టాలి. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. బిళ్ళ లేకుండా అరలో కనిపించిన వస్తువు అనాథ కింద లెక్క. ఎవరైనా తీసుకోవచ్చు, కోసుకోవచ్చు, అడిగే దిక్కుండదు. విశ్వవిద్యాలయం మొత్తానికి ఒకటే ల్యాబ్. అందులో ఇనుముని కావలసిన ఆకారానికి చెక్కే మిల్లింగ్ మెషిన్ కూడా ఒకటే. దాని మీద పడి ఏడ్చేవాళ్ళం నూట నలభై మందిమి. ఈ పద్ధతి లేకపోతే మీరు ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకుంటారని తాళాల బాబాయ్ అంటాడు. ల్యాబ్ తాళాల గుత్తి ఆయన మొలకి వేలాడుతుంది కాబట్టి ఆయన చెప్పిందే శాసనం.

నా బిళ్ళ ఆయన సొరుగులో ఉంది. కారణం నా నోరు. పది రోజుల కిందట మెషిన్ ముచ్చటగా మూడోసారి మొరాయిస్తే నలుగురి ముందూ, "మీ మెషిన్ కంటే మా అమ్మమ్మ తిరగలి నయం బాబాయ్, కనీసం తిరుగుతుంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. చెయ్యి చాపి, "బిళ్ళ ఇటివ్వు. నీ డెమో అయ్యాక పట్టుకెళ్దువుగాని" అన్నాడు. నోరా వీపుకి చేటు తేకే అని మా అమ్మ నాకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది, అదీ వీధి చివరిదాకా వినపడే గొంతుతో. ల్యాబ్‌లో నాకు పెట్టిన పేరు రంపం. పెట్టినవాడెవడో తెలిస్తే వాడి పని చెబుదామని ఏడాదిగా చూస్తున్నాను. అప్పటికి నా బండి భాగాలన్నీ తయారైపోయాయి, ఇక బిగించుకోవడమే కదా అని బిళ్ళ పోయినా పెద్దగా బాధపడలేదు.

డెమో రోజు పొద్దున పది గంటలకి ఆ బండి కొక్కెం పగిలింది.

అది మెట్లెక్కే బండి. మా అమ్మ ఒక హోటల్ లాండ్రీలో పని చేస్తుంది. తడి దుప్పట్ల మూటలు కింద నుంచి నాలుగంతస్తులు మోసుకెళ్ళి డాబా మీద ఆరెయ్యాలి. లిఫ్టు అతిథులకే. పందొమ్మిదేళ్ళుగా మోసి మోసి అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి, ఇప్పుడు ఇంట్లో పీట మీంచి లేవడానికి కూడా గోడ పట్టుకుంటుంది. నా బండికి ఒక పళ్ళచక్రం ఉంటుంది. బండి మెట్టెక్కినప్పుడల్లా ఒక ఇనప కొక్కెం ఆ చక్రం పళ్ళలో పడి వెనక్కి జారకుండా పట్టేస్తుంది. మనిషి ఏ మెట్టు మీదైనా రెండు చేతులూ వదిలేసి ఊపిరి తీసుకోవచ్చు. బండి ప్రాణమంతా ఆ కొక్కెంలోనే ఉంది. పొద్దున చివరిసారి పరీక్షిద్దామని బరువు పెట్టి ఎక్కిస్తే రెండో మెట్టు దగ్గర టప్పున రెండు ముక్కలైంది.

డిజైన్ ప్రాజెక్టుకి మూడే అవకాశాలిస్తారు. మొదటిసారి నా బండి కదల్లేదు. రెండోసారి కదిలింది, ఆగలేదు. ఇది మూడోది, సాయంత్రం నాలుగింటికి. ఇదీ తప్పితే పట్టా లేదు, పేరు కొట్టేస్తారు. నా వయసు ఇరవై ఆరు. మా మేనమామ అప్పుడే లాండ్రీ సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఉంచాడు, సోమవారం నుంచి అమ్మ పక్కనే నాకూ పని. "చదువు దాని వల్ల కాదులేవే, కనీసం మూటైనా మొయ్యనీ" అని అమ్మతో అన్నాడట. అమ్మ ఆయనతో ఆ రోజు నుంచీ మాట్లాడటం లేదు.

తలుపు మీద అంటించిన పట్టిక చూశాను. మిల్లింగ్ మెషిన్ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక్క గంట ఖాళీ లేదు. ఉన్నా నాకు బిళ్ళ లేదు. బాబాయ్‌ని అడుగుదామా అంటే ఆ తిరగలి మాట గొంతుకి అడ్డం పడింది. పన్నెండు గంటల వాళ్ళని బతిమాలాను. "మాకూ ఇవాళే అక్కా" అన్నారు. ఒంటిగంట వాళ్ళు నా వైపు చూడనైనా చూడలేదు. నేను ఎవరినీ బతిమాలే రకం కాదు. ఆ పొద్దున ఎనిమిది మందిని బతిమాలాను.

తొమ్మిదోవాడు కళ్ళద్దాలు, ల్యాబ్‌లో అందరం వాణ్ణి అలాగే పిలుస్తాం. మూడో బల్ల దగ్గర కూర్చునే బక్క కుర్రాడు, నాకంటే అయిదేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న దర్జీ. ఆయనకి చెయ్యి వణుకుతుంది, సూదిలోకి దారం ఎక్కదు. వీడు ఆయన కోసం చెయ్యి కదలకుండా నిలబెట్టే ఒక పరికరం చేస్తున్నాడు. దానికి అడుగున బరువైన ఉక్కు దిమ్మ, దిమ్మలో రెండు రంధ్రాలు, వాటిలో రెండు కడ్డీలు. ఆ రంధ్రాల మధ్య దూరం సరిగ్గా నలభై మిల్లీమీటర్లు ఉండాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా కడ్డీలు బిగుసుకుపోతాయి. అప్పటికి మూడు దిమ్మలు పాడుచేశాడు. నాలుగోది కుదిరిన రోజున ల్యాబంతా తిరిగి అందరికీ చూపించాడు. నాకు రెండుసార్లు చూపించాడు.

"పదకొండింటి గంట నాదే అక్కా, నువ్వు తీసుకో" అన్నాడు. "నాకింక అంచులు అరగదీయడమేగా, ఆకురాయి పెట్టి చేత్తో చేసుకుంటాను."

"బిళ్ళో?"

"నాది తగిలిస్తాలే. బాబాయ్ అడిగితే నేనిప్పుడే బయటికెళ్ళానని చెప్పు."

వాడు వెళ్ళి మెషిన్ పక్క మేకుకి ఇరవై ఏడో నంబరు బిళ్ళ తగిలించి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆ బిళ్ళ అంతదాకా ఎక్కడుందని నేను అడగలేదు.

గంట దొరికింది, ఇనుము లేదు. కొక్కేనికి ఇరవై మిల్లీమీటర్ల మందం ఉక్కు కావాలి. స్టోరులో అడిగితే వచ్చేవారం అన్నారు. అరల దగ్గరికి పరిగెత్తాను. అన్నిటికీ బిళ్ళలున్నాయి, అట్టముక్కకి కూడా కట్టుకున్నారు పిసినారి వెధవలు. కింది అరలో, గోడ వైపు, ఒక్క ఉక్కు దిమ్మ బిళ్ళ లేకుండా కనిపించింది. కావలసిన మందం. రెండు రంధ్రాలు కూడా ఉన్నాయి, ఒకటి నా కొక్కెం ఇరుసుకి అతికినట్టు సరిపోయేది. తాజాగా నూనె రాసి ఉంది. పక్కన నీలిరంగు మరకేదో ఉంటే గుడ్డతో తుడిచేశాను. ఇంత బాగున్న ముక్కని ఎవరు పారేసుకుంటారని ఒక్క క్షణం అనిపించింది. ఎవరిదని గట్టిగా అడగలేదు. అడిగితే ఎవరో ఒకరు నాదంటారని భయం. బిళ్ళ లేదు కదా, పద్ధతి పద్ధతే కదా అనుకున్నాను.

నేను మాటల్లోనే కాదు, మెషిన్ మీదా రంపాన్నే. నలభై నిమిషాల్లో దిమ్మ సగం పొట్టు కింద రాలిపోయింది. మధ్యలో బాబాయ్ వచ్చి మేకు వంక చూశాడు.

"ఇరవై ఏడు ఆ కళ్ళద్దాల అబ్బాయిది కదూ?"

"ఇప్పుడే బయటికెళ్ళాడు బాబాయ్. కట్టర్ తిరుగుతోంది, కాస్త చూస్తుండమన్నాడు."

ఆయన ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. నా మొహం వంక చూశాడు, నా చేతుల వంక చూశాడు. ఇంతలో ఆఫీసులో ఫోన్ మోగింది. బతికిపోయాను.

పన్నెండుకి పది నిమిషాలుండగా కొక్కేన్ని బండికి బిగించాను. మొదటి రంధ్రంలోంచి ఇరుసు మేకు దించితే సబ్బు రాసినట్టు జారింది. నా జన్మలో అంత నున్నటి రంధ్రం నేను వెయ్యలేదు. చక్రం తిప్పాను, టక్, టక్, టక్ అని ప్రతి పన్నునీ పట్టుకుంది. ఏడుపొచ్చింది. అక్కడే నేల మీద కూలబడి కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే అనుకోండి.

కళ్ళద్దాలు తిరిగొచ్చి మేకు మీంచి తన బిళ్ళ తీసుకున్నాడు. దాన్ని పట్టుకుని అరల దగ్గరికి వెళ్ళి కింది అర ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి గోడ దాకా పెట్టి తడిమాడు. పై అర చూశాడు, మళ్ళీ కిందిది చూశాడు.

"అక్కా, ఇక్కడ నా దిమ్మ ఉండాలి. బిళ్ళ దానిదే తీసి నీకు తగిలించాను. ఒక్క గంటేగా, ఎవరు తీస్తారులే అనుకున్నా. నువ్వేమైనా చూశావా?"

నా నోరు ఎప్పుడూ నా మాట వినదు. ఆ ఒక్కసారి మాత్రం చక్కగా విన్నది.

"చూళ్ళేదురా" అన్నాను.

వాడు బల్లలన్నీ వెతికాడు, చెత్తబుట్టలు వెతికాడు. నేనూ వాడితో పాటు వెతికాను. ఎంత సిగ్గుమాలిన మనిషినో చూడండి, వంగి మెషిన్ కింద చీపురు పెట్టి మరీ వెతికాను. ఆ చీపురుకి వచ్చిందంతా వాడి దిమ్మ పొట్టే. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. చెబితే ఏమవుతుంది, దిమ్మ తిరిగొస్తుందా? వాడిది మొదటిసారి, నాది మూడోసారి. వాడికి ఆరునెలల తర్వాత ఇంకో అవకాశం ఉంది, నాకు సోమవారం ఉంది. ఇలా నాలో నేనే వకీలూ జడ్జీ అయిపోయి తీర్పు చెప్పేసుకున్నాను.

రెండున్నరకి వాడి డెమో. నేను తలుపు బయట నిలబడి విన్నాను.

"చేశానంటావు, పోయిందంటావు. ఇంక మేమేం చూడాలి బాబూ?" అంది పెద్ద మేడమ్. ముగ్గురు పరీక్షకుల్లో మాట్లాడేది ఆవిడే.

బాబాయ్ గొంతు వినపడింది. "పదకొండు నుంచి పన్నెండు దాకా ఇతని బిళ్ళ మిల్లింగ్ మెషిన్ దగ్గరుంది మేడమ్. అంటే అరలో ఉన్నదానికి బిళ్ళ లేనట్టే."

"ఆ గంటసేపూ మెషిన్ మీద ఏం చేశావు?"

మెషిన్ దగ్గర నన్ను చూసిన సంగతి బాబాయ్ ఎత్తలేదు. బిళ్ళ ఇంకొకరికి ఇచ్చానని వాడు ఒక్క మాటంటే నా డెమో అక్కడికక్కడే రద్దు. వాడికా సంగతి తెలుసు.

"ఏం చెయ్యలేదు మేడమ్" అన్నాడు.

అసలు దిమ్మే చెయ్యలేదనీ, పోయిందని కథ చెబుతున్నాడనీ వాళ్ళు అనుకున్నారు. ఆ మాట మేడమ్ వాడి మొహం మీదే అంది. తప్పినట్టు రాశారు. వాడు ఎర్రబడిన చెవులతో బయటికొచ్చి నన్ను చూసి, "పోనీలే అక్కా, నాది మొదటిసారేగా" అన్నాడు. నేను లోపల చెప్పుకున్న మాటే వాడి నోట్లోంచి వచ్చేసరికి దొంగకి తేలు కుట్టినట్టయింది. "నీ బండికి కింద తాడు పట్టుకునే మనిషి కావాలిగా, నేనుంటాను" అన్నాడు. వద్దనడానికి ఒక్క కారణం కూడా తోచలేదు.

మా డెమోలకి ఇంకో పద్ధతుంది. వస్తువు ఎవరి కోసం చేశామో ఆ మనిషే వచ్చి దాన్ని వాడి చూపించాలి. దిమ్మ దొరక్క కళ్ళద్దాలు వాళ్ళ నాన్నని రావద్దన్నాడు. అమ్మ సగం పూట సెలవు పెట్టి వచ్చింది. నలభై కిలోల ఇసుక సంచులిస్తే, "ఇలా కాదు, మూట కట్టడం నాకొదిలెయ్యి" అని ఇంటి నుంచి తెచ్చిన పాత దుప్పటిలో పెట్టి నాలుగు మూలలూ లాగి కట్టింది. కడుతూ కడుతూ పరీక్షకుల ముగ్గురికీ తన మోకాళ్ళ చరిత్ర మొత్తం చెప్పింది. పెద్ద మేడమ్ నవ్వింది కూడా. అమ్మ అలా కొత్తవాళ్ళ ముందు వెలిగిపోతూ మాట్లాడటం నేను ఎన్నేళ్ళకో చూశాను.

ల్యాబ్ బయట మెట్ల మీద మొదలుపెట్టాం. అమ్మ పైనుంచి పిడి పట్టుకుని లాగుతోంది, పక్కన నేను, కింద తాడు పట్టుకుని కళ్ళద్దాలు. ఒక మెట్టు, టక్. రెండో మెట్టు, టక్. పొద్దున పగిలిన చోటు దాటింది. అయిదో మెట్టు మీద "ఇప్పుడు వదిలెయ్యమ్మా" అన్నాను. అమ్మ నా వంక అనుమానంగా చూసి ఒక చెయ్యి వదిలింది. తర్వాత రెండోది వదిలింది. బండి అంగుళం కూడా జారలేదు. అమ్మ తన ఖాళీ చేతుల వంక చూసుకుని, "ఓసి దీని దుంపతెగ" అని నవ్వింది.

పెద్ద మేడమ్ రెండు మెట్లెక్కి వంగి కొక్కేన్ని చూసింది.

"బాగా చేశావు. ఈ రంధ్రంలో ఇరుసు మేకు వెళ్ళింది, సరే. ఈ రెండో రంధ్రం దేనికి?"

డిజైన్ పరీక్షలో అడిగే ప్రశ్నే అది. ఏ గీతా ఏ రంధ్రమూ ఊరికే ఉండకూడదు, దేనికని అడిగితే జవాబుండాలి. బరువు తగ్గించడానికి మేడమ్ అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు కింద ఉన్న కళ్ళద్దాల వంక చూశాను. వాడూ కొక్కెం వైపే చూస్తున్నాడు. అద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. తాడు మాత్రం వదల్లేదు.

"అది నా రంధ్రం కాదు మేడమ్" అన్నాను. "రెండూ నావి కావు. వీడి దిమ్మలోవి. మధ్యలో కొలవండి, నలభై మిల్లీమీటర్లుంటుంది. వీడు చేశాడు, నేను కోసేశాను. పదకొండు గంటలకి మెషిన్ మీద ఉన్నది నేను. వీడి బిళ్ళ నా కోసం తగిలించాడు."

బాబాయ్ జేబులోంచి కొలబద్ద తీసి రంధ్రాల మధ్య పెట్టి చూశాడు. "నలభై" అన్నాడు. ఎప్పుడూ నా మీద కస్సుమనే ఆ మనిషే, "ఒక మాట మేడమ్" అన్నాడు. "బిళ్ళ మార్చుకున్నందుకు డెమో రద్దు చెయ్యకండి, మందలించి వదిలెయ్యండి. ఇక దిమ్మ కోయడంలో తప్పే లేదు. బిళ్ళ లేని వస్తువు ఎవరైనా తీసుకోవచ్చు. పద్ధతి అదే. తెలీక తీసింది."

"అవును మేడమ్, ఆమెకి తెలీదు" అన్నాడు కళ్ళద్దాలు. "బిళ్ళ తీసేసింది నేనేగా."

పెద్ద మేడమ్ నా వైపు తిరిగింది. "నీకు తెలీదా?"

తప్పించుకోమని తలుపు బార్లా తెరిచి పెట్టారు. తలూపితే చాలు.

ఇంతసేపూ నేను మీకూ అబద్ధమే చెప్పాను. నీలిరంగు మరక అన్నానే, అది మరక కాదు. నలభై అనే అంకె. కొలతలన్నీ నీలిరంగు పెన్నుతో రాసుకోవడం వాడి అలవాటు, సున్నాని కోడిగుడ్డులా సాగదీస్తాడు. ఆ దిమ్మని వాడు నాకు రెండుసార్లు చూపించాడని కూడా మీకు చెప్పాను. గుడ్డతో తుడిచినప్పుడు నా చెయ్యి వణకలేదు.

"చూడగానే తెలిసింది మేడమ్" అన్నాను.

కళ్ళద్దాలు తల దించుకున్నాడు. వాడు తిట్టి ఉంటే బాగుండేది. నాకు తిట్లయితే అలవాటే.

మేడమ్ మిగతా ఇద్దరు పరీక్షకులతో గుసగుసగా మాట్లాడి కాగితం మీద ఏదో కొట్టేసి రాసింది. "గురువారం వచ్చి కడ్డీలు ఈ రంధ్రాల్లో పెట్టి చూపించు బాబూ. కొక్కెం తీసుకో, నువ్వు దిమ్మ చేశావనడానికి అదే రుజువు." తర్వాత నన్ను చూసింది. "నీకు నియమం తెలుసు కదమ్మా. తెలిసి ఇంకొకరి పని కోస్తే ఆ అవకాశం పోయినట్టే." నాకు అదే ఆఖరిదని ఆవిడకీ తెలుసు. ఆ ముక్క పైకి అనలేదు.

కొక్కెం ఊడదియ్యాలంటే బండిని ఎవరో ఒకరు మొయ్యాలి. నేను ఒక మెట్టు కిందికి దిగి బండి అడుగున భుజం పెట్టాను. నలభై కిలోల మూటా, బండీ కలిసి మెడ మీద కూర్చున్నాయి. కళ్ళద్దాలు తాడుని మెట్ల పక్క కమ్మీకి కట్టి వచ్చి నా మొహం వంక చూడకుండా ఇరుసు మేకు లాగాడు. వాడు వేసిన రంధ్రం కదా, సులువుగానే వచ్చేసింది. చేతిలో సగం మిగిలిన దిమ్మని చొక్కాతో తుడుచుకుంటూ దిగి వెళ్ళిపోయాడు. కొక్కెం లేని బండి బరువు మొత్తం నా మీదికి జరిగింది. అప్పుడర్థమైంది అమ్మకి మోకాళ్ళలో ఏముందో.

వాళ్ళంతా లోపలికి వెళ్ళాక అమ్మ మూటని బండి మీంచి కిందికి దించింది.

"పుట్టినప్పటి నుంచీ మూసుకోవే, మూసుకోవే అని మొత్తుకున్నాను. మూసుకోవాల్సిన రోజున కూడా మూసుకోలేకపోయావా?" అంది.

"నీ పోలికే" అన్నాను.

అమ్మ నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని వంగి మూట ఒక కొస పట్టుకుంది. రెండో కొస నా వైపు జరిపింది.

"అలా వేళ్ళతో పట్టుకుంటే నాలుగో అంతస్తు చేరేలోపు చేతులు తెగుతాయి. దుప్పటిని మణికట్టుకి ఒక చుట్టు తిప్పు. తిప్పావా? నడుం వంచకు, మోకాళ్ళు వంచు."

చెప్పినట్టే తిప్పాను. ఇద్దరం కలిసి మెట్టు మెట్టుకీ ఆగుతూ మూటని కిందికి దించాం.